ప్యాకెట్ కేకు మీద తెలుగులో ఎందుకు రాయరు?

సంపాదకుడు గారికి,

ప్యాకెట్ కేకు నెలలు గడిచినా పాడవలేదు చూడండి, అంతా కెమికల్సే, పిల్లలకు చేజేతులా విషం పెడుతున్నాం అంటూ వాట్సాప్‌లో వీడియోలు తెగ తిరుగుతున్నాయి. మా వీధిలో నలుగురు తల్లులు కలిస్తే ఇదే మాట. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది, నేనూ పిల్లల తల్లినే. కానీ భయపడాల్సింది ఒకటైతే మనం ఇంకోదానికి భయపడుతున్నాం.

బ్రెడ్డు సంగతే చూద్దాం. ఓవెన్‌లోంచి వచ్చేటప్పుడు దాని మీద బూజు ఉండదు, ఆ వేడికి బతకదు. చల్లారాక ముక్కలు కోసే బ్లేడు మీంచో, గాల్లోంచో, చేతుల్లోంచో మళ్లీ వచ్చి చేరుతుంది, బ్రెడ్డులో మూడో వంతుకు పైగా నీరే కాబట్టి హాయిగా పెరుగుతుంది. అందుకే పిండిలోనే కాల్షియం ప్రొపియోనేట్ కలుపుతారు. ప్యాకెట్ మీద 282 అని కనిపించేది అదే. ఈస్టు పనికి పెద్దగా అడ్డుపడకుండా బూజును ఆపుతుంది. ఓవెన్ వేడిని కూడా తట్టుకునే ఒక రకం బ్యాక్టీరియా వల్ల బ్రెడ్డు లోపల జిగురై తీగలా సాగుతుంది, మన ఎండల్లో ఆ బెడద ఇంకా ఎక్కువ, దాన్నీ ఇదే ఆపుతుంది. మనం తిన్న పీచు పేగుల్లో పులిసినప్పుడు కూడా ఈ ప్రొపియోనేట్‌కు మూలమైన ఆమ్లమే తయారవుతుంది, కాబట్టి ఆ అంకె చూసి హడలిపోనక్కర్లేదు. ఇంత చేసినా బ్రెడ్డు నిలిచేది కొద్ది రోజులే.

మరి కేకు నెలల తరబడి ఎలా ఉంటుంది? అక్కడ అసలు పని చేసేది చక్కెర. సంక్రాంతి అరిసెలు పాకం వల్ల ఎలా నిలవుంటాయో ఇదీ అంతే, నీటిని తీపి పట్టేసుకుంటే క్రిములకు అందేది తక్కువ. దానికి తోడు తేమ ఆరిపోకుండా గ్లిజరిన్, బూజు రాకుండా పొటాషియం సార్బేట్ (ఇది 202), ఆపైన గాలి చొరబడని కవరు. బిస్కెట్లకైతే ఇదంతా అవసరమే లేదు, వాటిలో తేమ మామూలుగా 5 శాతం లోపే.

అంటే కేకును అన్నాళ్లు నిలబెడుతున్నది ఎక్కువగా చక్కెరే, దాని పక్కనే త్వరగా ముక్కిపోని కొవ్వు. ఒకప్పుడు దీనికి వనస్పతి తెగ వాడేవాళ్లు, అందులోని ట్రాన్స్ ఫ్యాట్ గుండెకు చేటు, 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ఆ ట్రాన్స్ ఫ్యాట్‌ను 2 శాతానికి పరిమితం చేశారు. ఇప్పుడు పామాయిల్ ఎక్కువ కనిపిస్తోంది. స్కూల్ బ్యాగులో రోజూ ఒక కేకు ప్యాకెట్ వెళ్తోందంటే నాకు 202 కంటే ఆ మైదా, చక్కెర, నూనెల గురించే దిగులు.

అలాగని కంపెనీలను గుడ్డిగా నమ్మమని నేననడం లేదు. 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 38 రకాల బ్రెడ్లు, బన్నులు పరీక్షిస్తే 84 శాతం వాటిలో పొటాషియం బ్రోమేట్ గానీ అయోడేట్ గానీ బయటపడ్డాయి. అవి నిల్వ కోసం వేసేవి కావు, పిండి బాగా పొంగడానికి వేసేవి. క్యాన్సర్ అనుమానం ఉన్న బ్రోమేట్‌ను ఆ ఏడాదే నిషేధించారు. ఎవరో పరీక్ష చేశారు కాబట్టి ఆ సంగతి తెలిసింది, లేకపోతే మనం తింటూనే ఉండేవాళ్లం.

నా గోడంతా ఇక్కడే. లేబుల్ వివరాలు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉంటే చాలని రూల్, వేరే భాష వేయాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. పదార్థం పేరు రాయకుండా ప్రిజర్వేటివ్ అని చెప్పి నంబరు వేసినా సరిపోతుంది. మా పక్కింటి పెద్దమ్మగారు తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతారు, మనవడికి కొన్న కేకు ప్యాకెట్ మాత్రం ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాదు. ఇక తేదీ! మొన్న కిరాణా కొట్లో నేను తీసుకున్న ప్యాకెట్ మీద తేదీ సరిగ్గా సీలు మడత మీద పడి సగం చెరిగిపోయింది, అది 3వ నెలో 8వ నెలో ఎంత చూసినా తేలలేదు, కొట్టాయనను అడిగితే "నిన్ననే వచ్చిందమ్మా, తీసుకెళ్లండి" అన్నాడు. కొట్టుకు నిన్న వస్తే నాకెందుకు, తయారైంది ఎప్పుడో కావాలి గానీ.

వీధి చివర బేకరీల్లో మామూలు కవర్లో కట్టిచ్చే బన్నులు, బ్రెడ్ల మీద అసలు తేదీయే కనపడదు. విడిగా అమ్మే మిఠాయిల ట్రేల దగ్గర ఎప్పటిలోగా తినాలో రాసి పెట్టాలని 2020 అక్టోబర్ 1 నుంచి నిబంధన ఉంది కదా, బేకరీ సరుకుకూ అదే గట్టిగా అమలు చేయండి. తేదీ మడత మీద కాకుండా చదునుగా ఉన్న చోట, చెరగని ఇంకుతో పడాలి. మన రెండు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు, గడువు తేదీ తెలుగులో ఉండేలా రెండు ప్రభుత్వాలూ ఢిల్లీకి రాసి అడగాలి. ఈలోపు ఫుడ్ సేఫ్టీ అధికారులు పండగల ముందే కాకుండా మామూలు రోజుల్లోనూ శాంపిళ్లు తీసి, ఫలితాలు పేపర్లో వేయించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, తెనాలి