కాలువలో మునిగిన మంచినీటి గొట్టం ఏ శాఖది?

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మురుగుకాలువలో నానుతున్న మంచినీటి గొట్టాల గురించి ఎన్ని అర్జీలు పెట్టుకున్నా "క్లోరిన్ కలుపుతున్నాం" అనే జవాబే వస్తోంది. కలుపుతున్నారు, కాదనం. కానీ కలిపేది ట్యాంకు దగ్గర, జనం తాగేది లైను చివరి కుళాయి నీళ్లు.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో మంచినీళ్లలో మురుగు కలిసి, అతిసారం ప్రాణాలు తీసింది. ఇప్పటికీ పాత పేటల్లో ఇంటి కనెక్షన్ గొట్టాలు మురుగుకాలువలో నానుతూనే ఉన్నాయి. నీళ్లు వదిలినంతసేపూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి, చిల్లున్నా నీరు బయటికి కారుతుందే తప్ప మురుగు లోపలికి రాదు. సరఫరా ఆపగానే గొట్టం ఖాళీ అవుతుంది. తుప్పు పట్టిన జాయింటులోంచి మురుగు లోపలికి దిగుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించిన వీధిలో ఆ లాగుడు ఇంకా ఎక్కువ. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెల్లోకి వచ్చేది అదే. పరీక్షకు శాంపిల్ ఆ బిందెలోంచి తీయాలి. అరగంట పారాక తీస్తే ఏం తెలుస్తుంది?

మిగులు క్లోరిన్, అంటే కుళాయి దాకా నీళ్లలో మిగిలే క్లోరిన్, లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదని మన దేశ తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతోంది. మురుగు తగిలితే క్లోరిన్ దానిమీదే ఖర్చయిపోతుంది. అందుకే చివరి కుళాయిలో సున్నా వస్తే వెంటనే చిల్లుపడ్డ గొట్టం వెతకాలి. బ్లీచింగ్ పౌడర్ సంగతి కూడా చూడండి. తాజాదానిలో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. మూట విప్పి మన ఎండకీ తేమకీ వదిలేస్తే ఆ శాతం పడిపోతుంది. సగానికి పడిపోయిన పొడిని పాత లెక్కకే తూచి వేస్తే నీళ్లకు అందేదీ సగమే. కాలువ గట్టున తెల్లగా చల్లిన పొడి గొట్టంలోకి చేరదు కదా.

విరేచనాల కేసులు మీ శాఖ రిజిస్టర్లలో ఉంటాయి, గొట్టాల మ్యాపు పురపాలక ఇంజనీర్ల దగ్గర ఉంటుంది. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా మరణాలను వీధి మ్యాపు మీద గుర్తించి, ఏ పంపు నీళ్లతో జనం పోతున్నారో చూపించాడు. మన వార్డు సచివాలయంలో ఆరోగ్యం చూసే ఏఎన్ఎం, శానిటేషన్ కార్యదర్శి, నీళ్ల వంటి వసతులు చూసే ఎమినిటీస్ కార్యదర్శి ఒకే కప్పు కింద పనిచేస్తారు. ఒక వీధిలో ఇద్దరికి విరేచనాలైతే ఆ కబురు అదే పూట ముగ్గురికీ చేరాలి, ఆ లైను మూసి ట్యాంకరు పంపే అధికారం ఒకరికి ఉండాలి. నీళ్లు, మురుగు వేరే శాఖవని వదిలేస్తే మీ ఆసుపత్రుల్లో సెలైన్లు ఎన్ని ఎక్కించినా మంచాలు నిండుతూనే ఉంటాయి.

చివరి కుళాయి ఫలితం రోజూ సచివాలయం బోర్డు మీద రాయించండి. కాలువలోని గొట్టాలు పైకి తీయించండి. చేతులెత్తి దండం పెడుతున్నాం, వానలు పడకముందే తీయించండి.

ఇట్లు,
గుంటూరు పాత పేటల వాసులు