కలెక్టర్ గారికి ఓ బెజవాడ వాసి బహిరంగ లేఖ

కలెక్టర్ గారూ, నమస్తే. టూరిజం పేరుతో పాత భవనాలను బాగుచేయడం గురించి నాలుగు మాటలు సూటిగా రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

మన బాపు మ్యూజియాన్నే తీసుకోండి. 1887లో విక్టోరియా రాణి జూబ్లీ గుర్తుగా మొదలైన హాలు, 1921లో కాంగ్రెస్ సభలప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది అక్కడేనని చెప్పుకుంటాం, ఆ తర్వాత మ్యూజియం అయింది. అంటే వాడకం మారడం కొత్తేం కాదు, తప్పూ కాదు. తాళం వేసి వదిలేస్తేనే గబ్బిలాలు చేరి, కప్పు కారి, భవనం త్వరగా పోతుంది.

నా గొడవల్లా వేరు. టికెట్ కొనేవాళ్ల కోసమే బాగుచేస్తే చుట్టుపక్కల వాళ్లకి ఆ గేటు పరాయిదైపోతుంది. ఇంకోటి, పాత సున్నపు గోడకి సిమెంట్ పూసి రంగేయడం. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంట్ అంత తేలిగ్గా వదలదు. లోపల చిక్కిన నీటితో ఉప్పు పైకి తేలి, కొన్ని వానాకాలాలకే పెచ్చులు లేచి, వెనక ఇటుక పొడిపొడిగా రాలుతుంది. ఫొటోకి మాత్రం మొదటి ఏడాది భలే ఉంటుంది లెండి.

నది అవతల ఉండవల్లి గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, చుట్టూ వంద మీటర్లలో కొత్త కట్టడాలు కుదరవు. మన వన్‌టౌన్‌లో ఏ జాబితాకీ ఎక్కని పాత ఇళ్లకి ఆ అండేదీ? ముందు వాటిని లెక్క రాయించండి, సున్నం పని తెలిసిన మేస్త్రీలకే రిపేర్లు ఇప్పించండి, బాగుచేసిన ప్రతి హాల్లో ఒక గదైనా స్థానిక సభలకి, బడిపిల్లలకి ఉచితంగా వదలండి. కేఫ్ పెడతారా, పెట్టుకోండి, కాకపోతే వంట పొగ పాత దూలాలకి తగలకుండా చూడండి.