నెగటివ్ అని రాసి పంపెయ్యని ల్యాబ్ మేడమ్‌గారికి

మాలిక్యులర్ ల్యాబ్‌లో పనిచేసే ఒక మేడమ్‌గారికి అందరి ముందూ దణ్ణం పెట్టుకోవాలని రాస్తున్నాను. పేరు రాయొద్దన్నారు, రాయను. అన్నయ్యకి ఏఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) తిరగబెడుతోందన్న సంగతి బ్లడ్ కౌంట్లు ఇంకా బాగున్నప్పుడే బయటపడింది, చికిత్స మళ్ళీ మొదలైంది. అదంతా ఆవిడ చలవే.

ఆవిడ చేసిందేమిటో తెలియాలంటే పరీక్ష గురించి కొంచెం చెప్పాలి. అన్నయ్య జబ్బులో ఎన్‌పీఎం1 అనే జన్యువులో మ్యుటేషన్, అంటే మార్పు, ఉంది. ఏఎంఎల్ వచ్చిన పెద్దవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి ఇది ఉంటుంది. రెమిషన్ (జబ్బు అణగడం) వచ్చిందంటే ఎముక మజ్జలో బ్లాస్టులు, అంటే ఎదగని పచ్చి కణాలు, 5 శాతం లోపుకి దిగాయన్నమాట. అంతకంటే లోతుకి మైక్రోస్కోపుతో చూడలేం. ఈ మ్యుటేషన్ లుకేమియా కణాల్లోనే ఉంటుంది కాబట్టి, ఆర్‌ఎన్‌ఏ తీసి క్వాంటిటేటివ్ పీసీఆర్ (జన్యువు కాపీల్ని పెంచి లెక్కపెట్టే పరీక్ష) చేస్తే లక్ష మామూలు కణాల మధ్య ఒకటి దాక్కున్నా దొరుకుతుంది, శాంపిల్ మంచిదైతే. మ్యుటేషన్ కాపీలు ఎన్నో, ఏబీఎల్1 అనే మామూలు జన్యువు కాపీలు ఎన్నో లెక్కపెట్టి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి చెబుతారు. ఆ ఏబీఎల్1 కనీసం 10,000 కాపీలు రాకపోతే వెతకడానికి సరిపడా సరుకు ఆ శాంపిల్‌లో లేనట్టే. అందులో ఏమీ దొరకలేదంటే జబ్బు లేదని అర్థం చేసుకోకూడదు.

అన్నయ్య మజ్జ పచ్చ మూత ట్యూబులో వెళ్ళింది. అందులో ఉండేది హెపారిన్. క్రోమోజోముల పరీక్షకి అదే కావాలి గానీ, పీసీఆర్‌లో ఎంజైముల్ని పనిచెయ్యనివ్వదు. పీసీఆర్‌కి ఊదా మూత ఈడీటీఏ ట్యూబు ఉండాలి. పైగా అది మొదటి లాగుడులో వచ్చిన మజ్జ కూడా కాదు. తర్వాత లాగేకొద్దీ రక్తం కలిసి పలచబడుతుంది, అందుకే మొదట వచ్చినదాన్నే ఈ పరీక్షకి పెట్టాలి. మెషీన్ ‘దొరకలేదు’ అని చూపించింది. అదే ప్రింటు కొట్టి పంపేసి ఉంటే ఆవిడని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. మేమూ సంబరపడి ఊరుకునేవాళ్ళం. ఆవిడ ఏబీఎల్1 గడి చూసి రిపోర్టు ఆపేశారు. డాక్టర్‌గారికి చెప్పి, ఫారం మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి, “దీన్ని నెగటివ్ అనుకోకండి, శాంపిల్ చాల్లేదు. మళ్ళీ పంపండి, ఎంతసేపైనా నేనుండి పెడతాను” అన్నారు. అన్నయ్యని ఆవిడ ఎప్పుడూ చూడలేదు, ఆయన ట్యూబుల్నే చూశారు. అయినా పేరు గుర్తుంది, అంతకుముందు వచ్చిన అంకె కూడా గుర్తుంది. ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు.

సరైన ట్యూబులో పంపితే పాత అంకెకి పది రెట్లు పైనే వచ్చింది. ఒక్క రిపోర్టు చూసి తేల్చకూడదని నాలుగు వారాల లోపే ఇంకో శాంపిల్ అడిగారు, అదీ పెరిగింది. దాన్ని మాలిక్యులర్ రిలాప్స్ అంటారు, అంటే జబ్బు తిరగబెట్టడం ఇంకా ఈ పరీక్షలోనే కనిపించే దశ. చూస్తూ ఊరుకుంటే ఎక్కువమందిలో కొన్ని నెలల్లోనే జబ్బు కౌంట్లలోకి వచ్చేస్తుంది.

ఫోన్‌లో ఓపిగ్గా ఆవిడ చెప్పినవి ఇంకొకరికి పనికొస్తాయని రాస్తున్నాను. ఎన్‌పీఎం1లో టైప్ ఏ అన్నది ఎక్కువమందికి ఉంటుంది, బి, డి, ఇంకా అరుదైనవీ ఉన్నాయి. టైపుని బట్టి ప్రైమర్ (పీసీఆర్‌లో ఆ మ్యుటేషన్‌ని వెతికిపట్టే చిన్న ముక్క) మారుతుంది కాబట్టి మొదటి రిపోర్టులోనే టైపు రాయించుకోవాలి. డీఎన్‌ఎంటీ3ఏ, టెట్2, ఏఎస్‌ఎక్స్‌ఎల్1 అనే వేరే జన్యువుల్లో మ్యుటేషన్లు రెమిషన్‌లోనూ మిగిలిపోవచ్చు, వాటిని చూసి జబ్బు వచ్చేసిందని బెంబేలెత్తక్కర్లేదు. ఎఫ్‌ఎల్‌టీ3-ఐటీడీ అనే ఇంకో మ్యుటేషన్ జబ్బు తిరగబెట్టినప్పుడు మాయమూ కావచ్చు, కొత్తగా పుట్టుకూ రావచ్చు. గిల్టెరిటినిబ్ లాంటి మందు ఇవ్వాలా వద్దా అన్నది దాన్ని బట్టే ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష మళ్ళీ చేయించాలి. చికిత్స అయ్యాక రెండేళ్ళపాటు మూడు నెలలకోసారి మజ్జ గానీ, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రక్తం గానీ పంపాలి. రక్తంలో పట్టుకునే శక్తి మజ్జకంటే సుమారు పది రెట్లు తక్కువ. చికిత్స అయ్యేసరికి ఏబీఎల్1తో భాగించిన ఆ అంకె 2 శాతం లోపు కొంచెం మిగిలి, అలాగే నిలకడగా ఉంటే అది రిలాప్స్ కిందకి రాదు, వదలకుండా చూస్తూ ఉండాలి. అన్నిసార్లూ ఒకే ల్యాబ్‌లో చేయిస్తే మేలు.

కోపం కూడా ఉంది, దాచుకోను. మా మొట్టమొదటి రిపోర్టులో ‘ఎన్‌పీఎం1 పాజిటివ్’ అని ఒక్క ముక్కే ఉంది, టైపు లేదు. తర్వాత ఒక ల్యాబ్ ఏబీఎల్1తో నిష్పత్తి ఇచ్చింది, ఇంకోటి వీఏఎఫ్ (ఆ జన్యువు మొత్తం కాపీల్లో మ్యుటేషన్ ఉన్నవి ఎన్ని అన్న లెక్క) శాతం ఇచ్చింది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పెరిగిందో తగ్గిందో ఎవరు చెప్పగలరు? ఏ మూత ట్యూబు వాడాలో ఫారం మీద అచ్చు వెయ్యడానికి ఏమంత ఖర్చవుతుంది? ఏబీఎల్1 కాపీలు ప్రతి రిపోర్టులోనూ కనిపించాలి. జబ్బు మనిషి ప్రాణం ఒకరి మనస్సాక్షి మీద వేలాడకూడదు.

అమ్మ, వదిన, చిన్నాన్న ఉన్నారు. మనవాళ్ళే, వాళ్ళకి థాంక్స్ చెబితే తిడతారు.

మేడమ్‌గారూ, మీరు చల్లగా ఉండాలి. మీ రుణం తీరేది కాదు.

ఇప్పుడే గుర్తొచ్చింది, రెండోసారి ట్యూబు మీద తీసిన టైము రాసిన నైట్ డ్యూటీ సిస్టర్‌గారికి కూడా. ఆర్‌ఎన్‌ఏ త్వరగా పాడైపోతుంది, ఆ టైము లేకపోతే శాంపిల్ ఎంత పాతదో ల్యాబ్‌కి తెలియదు. ఫ్రీజర్‌లో పెట్టొద్దన్న మాట విని అదే రోజు తీసుకెళ్ళి అందించిన అబ్బాయికి కూడా. అయ్యో, ప్లేట్‌లెట్లు ఇచ్చినవాళ్ళని మర్చేపోయాను. మొదటి కీమో అప్పుడు ఇచ్చినవాళ్ళకీ, నిన్న రాత్రి వచ్చినవాళ్ళకీ అందరికీ.