‘ఆశ్రయం’ అన్న ఒక్క మాట చాలదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో ఆఫ్రికా దక్షిణ ప్రాంతపు విమోచన పోరాటాల మీద వచ్చిన వ్యాసం చదివాను. రచయిత శ్రద్ధగా రాశారు. నాయకుల పేర్లు, ఒప్పందాల తేదీలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పొరుగు దేశాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఈ ఉద్యమాలకు జాంబియా, టాంజానియా, మొజాంబిక్ ఆశ్రయమిచ్చాయి’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. అక్కడ నేను ఆగిపోయాను. ఆ ఆశ్రయమిచ్చిన ఊళ్లో నేను ఆరేళ్లు బతికాను కాబట్టి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

1976 జనవరిలో మా వారూ నేనూ ఉపాధ్యాయులుగా జాంబియా రాజధాని లుసాకా వెళ్లాం. ఆయనది భౌతికశాస్త్రం, నాది గణితం. అప్పట్లో మన దేశం నుంచి ఎందరో ఉపాధ్యాయులు అలా వెళ్లారు, వారిలో తెలుగువాళ్లమూ ఉన్నాం. మేము వెళ్లేనాటికి పక్కనే ఉన్న రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, ఇయాన్ స్మిత్ శ్వేతజాతి ప్రభుత్వం నడుస్తోంది. దాన్ని ఎదిరిస్తున్న జాషువా న్కోమో దళాలకు జాంబియాలో శిబిరాలుండేవి. దక్షిణాఫ్రికాలో శ్వేతజాతి పాలన మీద పోరాడుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ప్రవాస కార్యాలయం కూడా లుసాకాలోనే.

ఆశ్రయమంటే ఇంట్లో ఒక గది ఇచ్చినట్టు అనుకుంటాం. జాంబియా ఇచ్చింది గది కాదు, తన అన్నం. సముద్రతీరం లేని దేశమది. ఎగుమతి ఆదాయంలో తొంభై శాతానికి పైగా రాగి మీదే వచ్చేది. ఆ రాగి ఓడరేవు చేరడానికి ముఖ్యమైన రైలు మార్గం రొడీషియా గుండానే పోయేది. గెరిల్లాలకు చోటిస్తున్నారన్న కోపంతో 1973 జనవరిలో స్మిత్ సరిహద్దు మూసేశాడు. నెల తిరగకుండానే మళ్లీ తెరుస్తానన్నాడు. జాంబియా అధ్యక్షుడు కెన్నెత్ కౌండా ఒప్పుకోలేదు. తమ వైపు నుంచి మూసే ఉంచాడు, అదీ ఐదేళ్లకు పైగా. 1975లో అంగోలా యుద్ధం వల్ల పడమటి రైలు కూడా ఆగిపోయింది. ఇక మిగిలింది చైనావాళ్లు కట్టిన 1,860 కిలోమీటర్ల టాంజానియా రైలు మార్గం ఒక్కటే. ఆ రోజుల్లోనే ప్రపంచ మార్కెట్లో రాగి ధర పడిపోయింది. కష్టాలన్నీ సరిహద్దు వల్లే వచ్చాయని నేను అనను. అయితే ఆ కష్టాల్లో సరిహద్దు తెరవకుండా నిలబడటం ఎంత కష్టమో కళ్లారా చూశాను.

మా పక్కింట్లో ఒక రైల్వే ఉద్యోగి కుటుంబం ఉండేది. ఆ ఇంటి తల్లి మొక్కజొన్న పిండి కోసం తెల్లవారుజామున నాలుగింటికే దుకాణం ముందు నిలబడేది. ఆ పిండితో చేసే న్షిమా లేకపోతే వాళ్లకు భోజనమే లేదు. నూనె వారాల తరబడి దొరికేది కాదు. సబ్బు వచ్చిందని తెలిస్తే మేము కూడా చేస్తున్న పని వదిలి, గుజరాతీ వాళ్ల దుకాణాలున్న కామ్వాలా వైపు పరుగెత్తేవాళ్లం. ఆమె వరుసలో నిలబడి కౌండాను నోరారా తిట్టేది. ‘పరాయివాళ్లందరినీ పోషించి మమ్మల్ని ఎండబెడుతున్నాడు’ అనేది. ఆమె తిట్లు నాకు తప్పుగా ఎప్పుడూ అనిపించలేదు.

1978 అక్టోబరు నాటికి విత్తే కాలం ముంచుకొచ్చింది, ఎరువు లేదు. గత్యంతరం లేక ఆ నెల మొదటి వారంలో ఎరువుల కోసం రొడీషియా గుండా పోయే దక్షిణ రైలు మార్గం తెరుస్తున్నట్టు కౌండా ప్రకటించాడు. రెండు వారాలైనా గడవలేదు. 19వ తేదీ, గురువారం పొద్దున నేను తరగతిలో త్రిభుజాల సర్వసమానత్వం చెబుతున్నాను. ఉత్తరం వైపు నుంచి ఉరిమినట్టు వినిపించింది. అక్కడ అక్టోబరంటే మండు వేసవి, అందరూ వాన కోసం ఎదురుచూసే నెల. ఆడపిల్లలు ‘మ్వులా, మ్వులా’ అంటూ కిటికీల దగ్గరికి పరుగెత్తారు. వాళ్ల భాషలో మ్వులా అంటే వాన. ఆకాశంలో మబ్బు తునక లేదు.

రొడీషియా విమానాలు ఊరి బయట న్కోమో దళాల శిబిరం మీద బాంబులు వేశాయి. వందల మంది చనిపోయారు. వాళ్లంతా గెరిల్లాలేనని రొడీషియా అంది, శరణార్థులని న్కోమో పక్షం అంది. ఆ సాయంత్రం బోధనాసుపత్రి దగ్గరికి మేము వెళ్లినప్పుడు లారీల నుంచి దించుతున్నవాళ్లలో మా పాఠశాల పిల్లల ఈడువాళ్లున్నారు. వాళ్లు తుపాకీ పట్టారో లేదో నాకు తెలియదు. నేను చూసినప్పుడు వాళ్ల చేతుల్లో ఏమీ లేదు.

బాంబులు పడుతున్న సమయంలోనే ఆ దాడి నాయకుడు లుసాకా విమానాశ్రయ కంట్రోల్ టవర్‌తో రేడియోలో మాట్లాడాడు. తమకు జాంబియాతో ఏ తగాదా లేదని, జాంబియా విమానాలు పైకి లేస్తే మాత్రం కూల్చేస్తామని చెప్పాడు. ఆ సంభాషణ తర్వాత లోకమంతా విన్నది. పరాయివాడు మన పెరట్లో మనుషులను చంపుతూ నీతో తగాదా లేదంటుంటే, విని ఊరుకోవలసి వచ్చిన దేశపు అవమానం ఎలాంటిదో ఆ వారమంతా మా సహోద్యోగుల ముఖాల్లో చూశాను. వాళ్లకు తగిన విమాన దళం లేదు. తిరిగి కొట్టలేరు. అయినా శిబిరాలను పంపేయలేదు.

కౌండాను తిట్టిన మా పక్కింటావిడ మర్నాడు తన ఇంట్లోని రెండు దుప్పట్లలో ఒకటి మడిచి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేను కూడా వెళ్లాను. దారిలో ఆమె ఏమీ మాట్లాడలేదు.

దీపావళికి రెండు వారాలు కూడా లేవప్పుడు. ఆ ఏడు మా తెలుగు కుటుంబాలవాళ్లం ఒకే ఇంట్లో చేరి కొవ్వొత్తులు వెలిగించుకున్నాం. ప్రమిదల్లో పోయడానికి నూనె లేదు.

మరుసటి ఏడాది ఇంకా గడ్డుగా గడిచింది. 1979 ఏప్రిల్‌లో రొడీషియా సైనికులు నేరుగా లుసాకాలోకే వచ్చి న్కోమో ఇంటిని ధ్వంసం చేశారు. అక్టోబరులో, లండన్‌లో శాంతి చర్చలు జరుగుతుండగానే, చంబేషి నది మీది వంతెనలు పేల్చేశారు. దాంతో టాంజానియా రైలు కూడా ఆగింది. తర్వాతి నెల దక్షిణం నుంచి వచ్చే మొక్కజొన్నను సైతం నిలిపేశారు. ఊళ్లో అనుమానాలు పెరిగాయి. మా వారిని ఒకసారి రోడ్డు తనిఖీలో గూఢచారి అనుకుని రాత్రంతా కూర్చోబెట్టారు. శిబిరాల దగ్గరి పల్లెలవాళ్లకు మందుపాతరల భయం, చేతిలో ఆయుధమున్న కుర్రవాళ్ల భయం రెండూ ఉండేవి. ఇవి కూడా చెప్పాలి. ఉద్యమం న్యాయమైనదే అయినా, దాని బరువు మోసినవాళ్లకు అది బరువే.

జాంబియా ఒక్కటే కాదు. మొజాంబిక్ 1976లో రొడీషియాతో సరిహద్దు మూసి, గెరిల్లాలకు చోటిచ్చింది. అందుకు ప్రతిగా రొడీషియా గూఢచారి విభాగం పుట్టించిన రెనామో అనే సాయుధ మూక, తర్వాత దక్షిణాఫ్రికా అండతో 1992 దాకా ఆ దేశాన్ని తగలబెట్టింది. ఆ యుద్ధంలో, ఆకలితో కలిపి, పది లక్షల మంది వరకు పోయారని అంచనా. చుట్టూ దక్షిణాఫ్రికాయే ఉన్న చిన్న దేశం లెసోతో. దాని రాజధాని మసేరు మీద 1982 డిసెంబరు 9న దక్షిణాఫ్రికా సైన్యం పడి 42 మందిని చంపింది. వారిలో 12 మంది లెసోతో పౌరులు, శరణార్థులు కారు. వాళ్లను ఏ దేశపు స్వాతంత్ర్య వీరుల్లో లెక్కవేస్తారు?

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. మా అమ్మమ్మది జగ్గయ్యపేట దగ్గరి పల్లె. 1948లో నిజాంకు వ్యతిరేకంగా పోరాడే కుర్రవాళ్లు సరిహద్దుకు ఇవతల క్యాంపులు పెట్టుకున్నప్పుడు, తమ ఊళ్లో ఇంటికింత చొప్పున జొన్నలు పోగుచేసి వండిపెట్టారని చెప్పేది. రాత్రిపూట దీపం ఆర్పి, రజాకార్లు దాటి వస్తారేమోనని పిల్లల నోళ్లు మూసి కూర్చునేవారట. తెలంగాణ చరిత్ర రాసిన పుస్తకాల్లో సరిహద్దు క్యాంపుల పేర్లుంటాయి. వండిన పొయ్యిల సంగతి నాకెక్కడా కనిపించలేదు. లుసాకాలో ఆ తల్లి దుప్పటి మడుస్తుంటే నాకు అమ్మమ్మే గుర్తొచ్చింది.

1990 ఫిబ్రవరిలో జైలు నుంచి విడుదలైన నెల్సన్ మండేలా, ఆ నెలాఖరులోనే తన తొలి విదేశీ ప్రయాణంగా లుసాకా వెళ్లారు. ఎవరికి ముందు దండం పెట్టాలో ఆయనకు తెలుసు. అదే ఏడాది జూన్‌లో మొక్కజొన్న పిండి ధర పెంచినందుకు జాంబియాలో అల్లర్లు జరిగాయి. 1991 ఎన్నికల్లో కౌండాను జనం ఓడించారు. అదీ వాళ్ల హక్కే. నన్ను ఇప్పటికీ కలచివేసేది మరొకటి. 2008 మేలో దక్షిణాఫ్రికా పేటల్లో ‘విదేశీయులు వెళ్లిపోవాలి’ అంటూ జరిగిన దాడుల్లో అరవై మందికి పైగా చనిపోయారు. వారిలో జింబాబ్వే, మొజాంబిక్ వాళ్లున్నారు. తమ తాతలు ఎవరి ఇంట్లో అన్నం తిన్నారో ఆ దాడి చేసిన కుర్రవాళ్లకు ఎవరూ చెప్పలేదు. చరిత్రను ‘ఆశ్రయమిచ్చాయి’ అన్న ఒక్క మాటతో దాటేస్తే వచ్చే నష్టం ఇదే.

అందుకని మీకొక విన్నపం. జాంబియా, టాంజానియాలలో పనిచేసిన తెలుగు ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇంకా కొందరున్నారు. మా వారు పోయి ఏడేళ్లయింది, నాకు ఎనభై దాటాయి. మా ట్రంకు పెట్టెల్లో ఆనాటి ఏరోగ్రామ్‌లు, ఫోటోలు ఉన్నాయి. మా తర్వాత అవి పాత కాగితాల వాడికి పోతాయి. మీ ఆదివారం సంచికలో కొన్ని వారాలు ఒక పేజీ ఇచ్చి వాటిని అచ్చువేయండి. ముందుగా నావి పంపుతాను. 1978 అక్టోబరు 20న మా అమ్మకు రాసినది వాటిలో ఉంది. తరగతిలో ఉరుము వినిపించి పిల్లలు వానొచ్చిందని సంబరపడ్డారని దానిలో రాశాను. ఆ ఉరుము ఏమిటో, అమ్మ భయపడుతుందని, రాయలేదు.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు, కాకినాడ