నలభై ఓటముల వెనక

సంపాదకుని గారికి,

ఓవర్‌వాచ్ అనే షూటింగ్ వీడియో గేమ్‌లో జట్లు పోటీపడిన ఓవర్‌వాచ్ లీగ్ మాట వస్తే చాలు, 2018 తొలి సీజన్‌లో షాంఘై డ్రాగన్స్ 40కి 40 మ్యాచ్‌లూ ఓడిందని నవ్వేస్తారు. లోపం ఆటగాళ్ల గురిలో కంటే జట్టు కట్టిన తీరులోనే ఎక్కువ.

మొదట అందరూ చైనా ఆటగాళ్లే. సీజన్ మధ్యలో ముగ్గురు కొరియన్లను తీసుకున్నారు. లీగ్‌లో తొలి మహిళ గెగూరి వారిలో ఒకరు. ఆమె బరిలోకి దిగేసరికి మూడో దశ, అంటే ఏప్రిల్. అప్పటికే సగం మ్యాచ్‌లు అయిపోయాయి. అప్పట్లో జట్టుకు ఆరుగురు, అందరూ హెడ్‌సెట్లలో మాట్లాడుకుంటూ ఆడే ఆట ఇది. ముందు ఎవరిని కొట్టాలి, అల్టిమేట్ (ఆడుతూ పోగుచేసుకుని ఒక్కసారి వాడే పెద్ద శక్తి) ఎవరు వాడాలి అన్నది క్షణంలో తేలాలి. రెండు భాషల మధ్య ఆ మాట ఆలస్యమైతే ఒకే పోరులో ఇద్దరు అల్టిమేట్లు ఖర్చుచేసేస్తారు, తర్వాతి పోరుకు చేతిలో ఏమీ మిగలదు.

జట్ల స్థానాలు స్థిరంగా ఉండే ఫ్రాంచైజీ లీగ్ కనుక ఎన్ని ఓడినా కింది డివిజన్‌కు దిగజారే భయం లేకపోయింది. (అదే వేరే పద్ధతైతే జట్టు కథ అక్కడితో సరి!) 2019 ఫిబ్రవరిలో బోస్టన్ అప్‌రైజింగ్‌పై తొలి గెలుపు, 2021లో ఏకంగా టైటిల్.

కొత్త జట్ల వార్తల్లో స్కోరుతో పాటు ఎవరు ఎప్పుడు చేరారో, జట్టు ఏ భాషలో మాట్లాడుకుంటుందో కూడా రాయగలరు.

- ఒక పాఠకుడు