‘మాట్లాడలేదుగా’ అంటే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

వేడుకల్లో నలుగురూ కలిసి ఆడుకునే ఆటల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆటలు చక్కగా ఎంచారు. కానీ చివర్లో గెలుపు చిట్కాలంటూ, నోరు మెదపకుండా సైగలతోనే మన జట్టుచేత జవాబు చెప్పించే మూగసైగల ఆటలో శబ్దం రాకుండా పెదవులు కదిపితే తప్పు లేదని రాశారు. అక్కడ నా మనసు చివుక్కుమంది. ఇరవై ఏళ్లుగా మా ఇంటి వేడుకల్లో ఆటలు ఆడించే పని నాదే. అందుకే ఈ ఉత్తరం.

మొన్న మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఇసుక గడియారం ఖాళీ అవుతుండగా, సైగలు చేస్తున్న మా బంధువు ఒకాయన అరచేయి చెంపకు అడ్డం పెట్టి తన జట్టు వైపు పెదవులు కదిపారు. జవాబు వచ్చేసింది, చప్పట్లు మోగాయి. ఎదుటి జట్టులోని తొమ్మిదేళ్ల పాప చూసింది. ‘తొండి’ అంది. ‘నేను మాట్లాడలేదుగా’ అన్నారాయన. పెద్దలంతా నవ్వి ఊరుకున్నారు. తర్వాతి వంతు ఆ పాపదే. ఎంత సైగ చేసినా ఎవరికీ అర్థం కావడం లేదు. పెదవులు కదపబోయి, చటుక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇసుక అయిపోయింది. వాళ్ల జట్టు ఓడింది.

ఆ ఆటకున్న అందమంతా మాట లేకపోవడంలోనే ఉంది. ఎన్ని మాటలో వేళ్లతో చూపాలి. ముంజేతి మీద వేళ్లు ఆనించి ఎన్ని అక్షరాలో చెప్పాలి. చెవి పట్టుకుని, అలాగే వినిపించే మరో మాట అందించాలి. పెదవులు కదిపితే ఈ తంటాలేవీ అక్కర్లేదు. అప్పుడు ఇక ఆడడానికి ఏముంది?

ఎదుటివారిని బోల్తా కొట్టించడమే తప్పని నేను అనడం లేదు. ‘ఉనో’ అనే రంగుల ముక్కల ఆటలో రంగు మార్చి, పక్కవారిచేత నాలుగు ముక్కలు తీయించే ముక్క ఉంది కదా. నడుస్తున్న రంగు మన చేతిలో ఒక్కటీ లేనప్పుడే దాన్ని వేయాలి. ఉండీ లేదని బుకాయించేవారు ఉంటారని తెలిసే, సవాలు చేసే హక్కు కూడా ఆటలోనే పెట్టారు. దొరికిపోతే ఆ నాలుగూ వేసినవారే తీసుకోవాలి. అనుమానం తప్పని తేలితే సవాలు చేసినవారు ఆరు తీసుకోవాలి. అక్కడ ఇద్దరికీ దారి ఉంది. మా ఇంట్లో ఆ పాపకు ఏ దారీ లేదు. న్యాయం చెప్పాల్సిన పెద్దలమే నవ్వేశాం, నాతో సహా. అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

చిన్నవాళ్ల కోసం నియమం సడలించడం వేరు. నాలుగేళ్ల పిల్లవాణ్ని ఆటలో అరటిపండుగా చేర్చుకుని రెండు వంతులు ఎక్కువ ఇస్తే ఎవరూ మోసపోరు. అది అందరికీ తెలిసి, అందరూ ఒప్పుకుని చేసే పని.

సరదా ఆటకు ఇంత పట్టింపు ఎందుకని కొందరు అంటారు. మన ఇళ్లలో ఆడే ఆటకు అంపైర్ ఉండరు కాబట్టే పట్టింపు కావాలి. ఫ్రిస్బీతో, అంటే గాల్లోకి విసిరే పళ్లెంతో, జట్లుగా ఆడే ‘అల్టిమేట్’లో ప్రపంచ పోటీల్లో సైతం తప్పొప్పులు ఆటగాళ్లే చెప్పుకుని తేల్చుకుంటారు. పతకం కోసం ఆడేవారు చేయగలిగినది మనం చేయలేమా?

దయచేసి ఆ చిట్కాను వచ్చే ఆదివారం సవరించండి. ఆ పాప ఇంట్లో కూడా మీ పత్రికే చదువుతారు.

– ఒక పాఠకురాలు