పాస్కా జాగరణకు సిద్ధపడుతున్న 18 మంది కోసం విరాళాల విజ్ఞప్తి

మన విచారణ (పారిష్) కుటుంబాలకు, గ్రామ సంఘాల పెద్దలకు, బతుకుదెరువు కోసం హైదరాబాద్, ముంబై, గల్ఫ్ వెళ్ళిన మన బిడ్డలకు ప్రభువు పేరిట వందనాలు.

2027 మార్చి 27 శనివారం రాత్రి పాస్కా జాగరణ, అంటే ఈస్టర్ ముందు రాత్రి చేసే ప్రార్థన. ఆ రాత్రికి 18 మంది పెద్దవాళ్ళు తయారవుతున్నారు. వీరిలో 11 మంది కొత్తగా జ్ఞానస్నానం పొందేవారు. మిగతా ఏడుగురు వేరే క్రైస్తవ సంఘాల్లో జ్ఞానస్నానం పొంది, ఇప్పుడు కతోలిక సభలోకి వస్తున్నవారు.

పెద్దల కోసం సభ 1972లో మళ్ళీ తెచ్చిన క్రమం ప్రకారం దీనికి మన దగ్గర ఏడాది పడుతుంది. ముందు కొన్ని నెలలు వాళ్ళు అడుగుతారు, మనం చెబుతాం. ఆ తర్వాత నుదుట సిలువ గుర్తు వేసి సంఘంలోకి ఆహ్వానిస్తాం. ఫిబ్రవరి 14న, అంటే తపస్సుకాలం (ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలం) మొదటి ఆదివారం, కాజీపేట ఫాతిమా కథీడ్రల్‌లో బిషప్ గారి ముందుకు తీసుకెళ్ళాలి. మూడు, నాలుగు, ఐదో ఆదివారాల్లో సమరయ స్త్రీ, పుట్టుగుడ్డివాడు, లాజరు సువిశేషాలు చదివి వాళ్ళ మీద ప్రత్యేక ప్రార్థనలు చేస్తాం.

కష్టమంతా పొలం పనులతోనే. నవంబరు నుంచి పత్తి ఏరుడు, అది ఒడిసేసరికి మిర్చి. తపస్సుకాలమంటే మన దగ్గర మిర్చి కోతల కాలం. పొద్దంతా తోటలో ఉండి వచ్చిన అక్కలు రాత్రి ఎనిమిదింటికి తరగతిలో కూర్చుంటే వేళ్ళు మండుతూనే ఉంటాయి. పుస్తకాన్ని అరచేతుల మధ్య పట్టుకుంటారు, పేజీ పక్కవాళ్ళు తిప్పాలి. వాళ్ళను రోడ్డు మీది గుడికి రమ్మనడం న్యాయం కాదు, ఆ వేళకు బస్సూ లేదు. విశ్వాస పాఠాలు చెప్పే ఉపదేశి గారే ఊళ్ళకు వెళ్ళాలి. ఆయన గౌరవ వేతనం నెలకు రూ. 6,000, పెట్రోలుకు రూ. 1,500, ఏడాదికి రూ. 90,000.

ఉపదేశి గారికి పన్నెండు నెలలూ ఎందుకివ్వాలని కొందరు అడిగారు. పాస్కా అయిపోగానే పని అయిపోయిందనుకోవడమే మన పెద్ద తప్పు. మే 16 పెంతెకోస్తు దాకా ఏడు వారాలు కొత్తవాళ్ళకు దివ్యసత్ప్రసాదం (పూజలో తీసుకునే అప్పం) గురించి, పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) గురించి విడమర్చి చెప్పాలి. తరగతి ఆగి, ఇంటికి ఎవరూ పోకపోతే వాళ్ళు వానాకాలం వచ్చేసరికి పూజకు రావడం మానేస్తారు.

వేరే సంఘాల నుంచి వచ్చేవాళ్ళకు మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వం. నీటితో, పిత పుత్ర పవిత్రాత్మ నామమున ఇచ్చినదైతే అది చెల్లుతుంది. విశ్వాస ప్రమాణం చెప్పించి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), సత్ప్రసాదం ఇస్తారు. చిక్కు కాగితం దగ్గర వస్తుంది. కొన్నిచోట్ల "యేసు నామంలో" అని మాత్రమే ఇస్తారు, కొన్నిచోట్ల సర్టిఫికెటే ఉండదు. అప్పుడు సాక్షులను విచారించాలి, అందుకే ఇది తపస్సుకాలానికి ముందే తేలాలి. మొదటి పెళ్ళి సంగతి దాచినా అంతే, నెలల తరబడి ఆగిపోతుంది. రిజిస్టరులో పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.

ఇంకో మాట తేటగా చెప్పాలి. ఈ డబ్బులో ఒక్క రూపాయి కూడా చేరేవారి చేతికి పోదు. ఆశపెట్టి చేర్చుకోవడాన్ని సభ నిషేధించింది. సంస్కారాలకు రుసుమూ లేదు. ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నవారు జ్ఞానస్నానం తీసుకుంటే ప్రభుత్వ లెక్కలో ఎస్సీ కాక బీసీ-సి (వెనుకబడిన తరగతుల్లో ఒక విభాగం) అవుతారని మొదటి వారంలోనే చెబుతున్నాం. తెలిసి రావాలి, ఇష్టంతో రావాలి.

ఇక జ్ఞానస్నానం ఇచ్చే తొట్టి. ఇప్పటిదాకా ప్లాస్టిక్ టబ్బు మీదే నడిపించాం. మూడుసార్లు నీళ్ళు పోసేసరికి నేలంతా తడిసి, మైకు వైరు దాకా పారుతోంది. గ్రానైటు తొట్టి, మెట్టు, నీరు మురికి కాల్వలో కలవకుండా గుడి పక్క చెట్టు మొదట్లోకి పోయే పైపు, అన్నీ కలిపి రూ. 86,000 అని మేస్త్రీ అంచనా.

పుస్తకాలకు రూ. 10,800 కావాలి. వేరే సంఘాల నుంచి వచ్చేవాళ్ళ బైబిల్లో 66 గ్రంథాలే ఉంటాయి కాబట్టి అందరికీ 73 గ్రంథాల బైబిలే కొనాలి. కాజీపేట ప్రయాణానికి రూ. 12,000, తెల్ల వస్త్రాలకు, కొవ్వొత్తులకు రూ. 7,200. మొత్తం రూ. 2,06,000. చేతిలో రూ. 31,500 ఉంది, ఇంకా రూ. 1,74,500 కావాలి. ఒక్కరికి పుస్తకాలు రూ. 600, ఉపదేశి గారి ఒక నెల రూ. 7,500. ఎవరి వీలును బట్టి వారు ఇవ్వండి. విచారణ కార్యాలయంలో ఇచ్చి తప్పక రసీదు తీసుకోండి. లెక్క ప్రతి నెలా మొదటి ఆదివారం పూజ తర్వాత చదువుతాం.

డబ్బు ఇవ్వలేనివారు చేరేవారికి తోడుగా నిలిచే జ్ఞానతండ్రిగా, జ్ఞానతల్లిగా ఉండండి. 16 ఏళ్ళు నిండి, భద్రమైన అభ్యంగనం పొంది, పూజకు వచ్చేవారై ఉండాలి. చేరేవారిని కన్నవాళ్ళు ఈ బాధ్యతలో ఉండకూడదు. పట్నం నుంచి జాగరణ రాత్రికి మాత్రమే వచ్చే బంధువు కంటే అదే ఊళ్ళో, అదే వాడలో ఉండేవారు కావాలి. మీ పేర్లు నవంబరు నెలాఖరులోపు ఫాదర్ గారికి ఇవ్వండి.

— విచారణ సమితి